డూప్లికేట్ అని తీసేసిన పుస్తకం

పోయిన గురువారం ఆఫీసులో మా టీమ్ కుర్రాడొకడు నా సీటు దగ్గరికి వచ్చాడు. "అన్నా, రెండు కలెక్షన్లు కలపాలి. డూప్లికేట్లు రాకూడదు. ఒక్క కమాండ్‌తో అయిపోయేది ఏదైనా ఉందా?" అన్నాడు. ఉంది. మేము వాడే డేటాబేస్ మాంగోడీబీ. దాంట్లో రికార్డుల గుంపుని కలెక్షన్ అంటారు. ఒకదాన్ని ఇంకోదాంట్లో కలపడానికి 4.2 వెర్షన్ నుంచి మెర్జ్ అనే స్టేజ్ ఉంది. ఏ ఫీల్డ్ మీద పోల్చాలో చెప్పి, దాని మీద యూనిక్ ఇండెక్స్ (ఒకే విలువ రెండుసార్లు రాకుండా ఆపేది) పెట్టుకుంటే సరిపోతుంది. రెండు నిమిషాల్లో చెప్పేశాను. థ్యాంక్స్ చెప్పి వెళ్లిపోయాడు.

సాయంత్రం మెట్రోలో నిలబడి ఇంటికి వస్తుంటే మనసు కుదుటపడలేదు. అడిగినదానికి సరైన జవాబే ఇచ్చాను. రెండేళ్ల కింద నాకు నేను ఇదే జవాబు చెప్పుకుని మా ఊరి లైబ్రరీలో ఒక పని చేశాను. అది గుర్తొచ్చింది. మర్నాడు పొద్దున్నే వాణ్ని పిలిచి అరగంట కూర్చోబెట్టాను. వాడికి చెప్పినదాన్నే ఇక్కడ ఇంకాస్త వివరంగా రాస్తున్నాను, ఇన్నాళ్లూ ఎక్కడా రాయలేదు కాబట్టి.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. డూప్లికేట్ మిగిలిపోవడం చిన్న తప్పు. వేరు వేరు వాటిని ఒకటే అనుకుని కలిపేయడం పెద్ద తప్పు. మనం మాత్రం ఎప్పుడూ మొదటిదానికే భయపడతాం. ఎందుకంటే అది కంటికి కనబడుతుంది. లిస్టులో ఒకే పేరు రెండుసార్లు వస్తే మేనేజర్ అడుగుతాడు, కస్టమర్ అడుగుతాడు. ఉండాల్సిన రికార్డు ఒకటి లేకుండా పోతే అడిగేవాళ్లు ఉండరు. లేనిదాన్ని ఎవరు చూస్తారు?

మాస్టారి పుస్తకాలు

మాది గుంటూరు వైపు ఒక చిన్న టౌను. అక్కడ దాతల డబ్బుతో నడిచే పాత లైబ్రరీ ఒకటి ఉంది. దానికి మూడు యాక్సెషన్ రిజిస్టర్లు, అంటే వచ్చిన ప్రతి పుస్తకానికీ ఒక నంబర్ వేసి రాసుకునేవి. మొదటిదాంట్లో కాగితం వేలితో తాకితే పొడి రాలుతుంది. వేసవి సెలవుల్లో ఇద్దరు డిగ్రీ పిల్లలు వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించారు. ఆరు వేల పైచిలుకు పుస్తకాలు. ఒక్కోదానికి మూడే మూడు వివరాలు: పేరు, రచయిత, యాక్సెషన్ నంబర్. రిజిస్టర్లో ఉన్నదే అంత.

ఆ ఏడే మా తెలుగు మాస్టారు పోయారు. తొమ్మిదో క్లాసులో నాకు పాఠం చెప్పినాయన. ఇంట్లో ఉన్న తొమ్మిది వందల చిల్లర పుస్తకాలనూ ఆయన కూతురు లైబ్రరీకి ఇచ్చేశారు. మేమంతా అక్కా అనే పిలుస్తాం. అమెరికా నుంచి వచ్చి, మూడు వారాలు ఆ ఇంట్లో కూర్చుని, ఒక్కో పుస్తకాన్నీ తెరిచి చూసి, నేను చేసిచ్చిన ఫారంలో ఫోన్లోనే టైప్ చేసింది. పేరు, రచయిత, ప్రచురణకర్త, ముద్రణ సంవత్సరం. అన్నిటికీ చివర గమనిక అని ఒక గడి పెట్టాను. నిజానికి అదేదో ఉండాలి కదా అని పెట్టిన గడి. అక్క దాన్నే ఎక్కువగా వాడింది. "చివరి పేజీలో పాల లెక్క, అమ్మ చేతిరాత." "తిరుపతిలో కొన్నది, బస్సు టికెట్టు లోపలే ఉంది." "సగం దాకా పెన్సిల్ గీతలు, తర్వాత లేవు." ఇలాంటివి వందల కొద్దీ.

రెండు కలెక్షన్లూ కలిపి ఒకే క్యాటలాగ్ చేద్దామని లైబ్రేరియన్ గారు అడిగారు. ఒక శనివారం రాత్రి కూర్చున్నాను. ఐడీ మీద కలపడం కుదరదు. మాంగోడీబీ తనంతట తాను ఇచ్చే ఐడీ 12 బైట్లు: 4 బైట్లు టైముకి, 5 యాదృచ్ఛికంగా, 3 కౌంటర్‌కి. దాంట్లో పుస్తకానికి సంబంధించింది ఏమీ ఉండదు. ఒకే పుస్తకం రెండు చోట్ల ఎక్కిస్తే రెండు ఐడీలు వస్తాయి. ఏమీ ఆలోచించకుండా ఐడీ మీద మెర్జ్ చేస్తే ఒక్కటీ కలవదు, అన్నీ కొత్తవిగా చేరిపోతాయి. కాబట్టి పుస్తకం పేరు, రచయిత, ఈ రెండిటినీ కలిపి కీ, అంటే పోల్చే గుర్తు చేశాను.

రన్ చేస్తే ఎర్రర్ వచ్చింది. కొన్ని రికార్డుల్లో రచయిత గడి ఖాళీ. పోల్చే ఫీల్డ్ ఖాళీగా ఉంటే మెర్జ్ ముందుకు పోదు. ఆ ఎర్రర్ నన్ను ఒక ప్రశ్న అడిగింది: రచయిత ఎవరో తెలియకుండా ఇవి రెండూ ఒకటే అని ఎలా అంటావు అని. నేను జవాబు చెప్పకుండా దాని నోరు మూయించాను. ఖాళీ ఉన్న ప్రతి చోటా "లేదు" అనే మాట నింపే ఒక లైను రాశాను. ఎర్రర్ పోయింది.

కలిసినప్పుడు ఏం చెయ్యాలి అనేదానికి ఐదు దారులున్నాయి. పాతదాన్ని అలాగే ఉంచడం, పాతదాని మీద కొత్తదాన్ని పెట్టేయడం, రెండిటి ఫీల్డ్‌లనూ కలపడం, ఆగిపోవడం, మనం రాసిన పద్ధతిలో మార్చడం. లైబ్రరీ రిజిస్టర్‌ది అధికారిక రికార్డు కదా, దాని మాటే నెగ్గాలి అని రెండోది పెట్టాను, రీప్లేస్. మాస్టారి పుస్తకాలు ముందు ఎక్కించి, వాటి మీదికి లైబ్రరీవి పంపించాను. కలిసిన ప్రతిచోటా అక్క రాసిన నిండు రికార్డు పోయి రిజిస్టర్ తాలూకు మూడు గడుల రికార్డు వచ్చి కూర్చుంది. పని అయిపోయింది కదా అని పాత కలెక్షన్లు రెండూ డ్రాప్ చేశాను. బ్యాకప్ వారానికోసారి తీసేవాణ్ని, అదే ఫైలు పేరుతో. అంటే ఈ వారంది పోయిన వారందాన్ని తినేస్తుంది.

మొత్తం 112 పుస్తకాలు కలిశాయి. ఆ 112 పేర్లతో ఒక లిస్టు తీసి, "ఇవి మన దగ్గర ముందే ఉన్నాయండీ, ఇవన్నీ రెండో ప్రతులు" అని లైబ్రేరియన్ గారికి ఇచ్చాను. బీరువాల్లో చోటు లేదు. కమిటీ వాళ్లు మంచి మనసుతోనే ఆలోచించి, ఆ 112 పుస్తకాలూ దగ్గర్లో ఉన్న పిల్లల హాస్టల్‌కి ఇచ్చేశారు.

రెండు నెలల తర్వాత ఒక రాత్రి అక్క ఫోన్ చేసింది. "బాబూ, నాన్నగారి పెద్ద బాలశిక్ష వెతికితే లైబ్రరీది వస్తోంది. అట్ట లోపల తాతయ్య రాసిన పుట్టిన తేదీలు గమనికలో ఎక్కించాను, అవి కనబడట్లేదు. ఒకసారి చూసి చెప్తావా? నాన్నగారి అసలు పుట్టినరోజు దాంట్లో తప్ప ఇంకెక్కడా లేదు."

ఆ తరం వాళ్లకి సర్టిఫికెట్ పుట్టినరోజు ఒకటి, అసలు పుట్టినరోజు ఒకటి ఉంటాయని మనకి తెలిసిందే. బడిలో వేసేటప్పుడు అయ్యవారు ఏ జులై 1వ తేదీనో రాసేసేవారు. అసలు తేదీ, తిథి, నక్షత్రం ఇంట్లో ఏదో పుస్తకం అట్ట మీద ఉండేవి. వీళ్ల ఇంట్లో అది పెద్ద బాలశిక్ష.

ఆ ఆదివారమే హాస్టల్‌కి వెళ్లాను. వార్డెన్ గారు చాలా మర్యాదగా లోపలికి తీసుకెళ్లి అల్మారా తెరిచారు. దాదాపు అన్ని పుస్తకాలూ ఉన్నాయి. పెద్ద బాలశిక్ష కూడా ఉంది. పిల్లల చేతుల్లో చిరిగిపోకుండా ఉండాలని దానికి కొత్తగా కాలికో బైండింగ్ వేయించారు. నీలం రంగు, గట్టి అట్ట, ఇంకా జిగురు వాసన పోలేదు. పాత అట్ట ఏదండీ అని అడిగితే, అది పూర్తిగా శిథిలమైపోయింది, బైండింగ్ అతను తీసి పారేసి ఉంటాడు అన్నారు. అతని షాపుకి కూడా వెళ్లాను. దొరకలేదు.

ఒకే పేరు, వేరే పుస్తకం

ఇంటికొచ్చాక రెండు పెద్ద బాలశిక్షలూ పక్క పక్కన పెట్టి చూశాను. లైబ్రరీది, మాస్టారిది. అవి అసలు ఒకే పుస్తకం కావు. ప్రచురణకర్తలు వేరు. ఒకదాంట్లో ఉన్న శతక పద్యాలు రెండోదాంట్లో లేవు. ఎక్కాల తర్వాత ఒకదాంట్లో తూనికలు, కొలతలు వస్తే రెండోదాంట్లో నీతి కథలున్నాయి. పెద్ద బాలశిక్ష పేరుతో ఎంతమంది ప్రచురణకర్తలు ఎన్ని రకాలుగా పుస్తకాలు వేశారో తెలుగువాళ్లకి చెప్పక్కర్లేదు. ఆ పేరు ఒక రకం పుస్తకానికి పేరు. నా స్క్రిప్ట్‌కి మాత్రం ఇటు చూస్తే "పెద్ద బాలశిక్ష, లేదు", అటు చూస్తే "పెద్ద బాలశిక్ష, లేదు". పేరు ఒకటే. రచయిత కూడా ఒకరే, ఆయన పేరు "లేదు".

తెలియదు అనేదాన్ని ఒక విలువగా మార్చడం ఎంత ప్రమాదమో నాకు ఆ రోజే అర్థమైంది. ఇద్దరి గురించీ ఒక విషయం తెలియనంత మాత్రాన ఆ విషయంలో ఇద్దరూ ఒకటైపోరు. ఫోన్ నంబర్ తెలియనివాళ్లకి పది తొమ్మిదులు నింపే ఆఫీసులు ఎన్నో చూశాను. ఆ నంబర్‌తో డూప్లికేట్లు తీసేస్తే ఎంతమంది ఒకే మనిషిగా మిగులుతారో ఆలోచించండి.

లైబ్రరీ పనిలో ఉన్నవాళ్లు ఈ చిక్కు గురించి మనకంటే చాలా ముందే ఆలోచించారు. 1998లో ఇఫ్లా అనే అంతర్జాతీయ లైబ్రరీల సమాఖ్య ఒక నమూనా ఇచ్చింది. దాంట్లో పుస్తకం అనే మాటకి నాలుగు మెట్లు: రచన, దాని పాఠం, దాని ముద్రణ, చేతిలో ఉన్న ప్రతి. సుమతీ శతకం ఒక రచన. తాత్పర్యంతో వేసింది ఒక పాఠం, మూలం మాత్రమే వేసింది ఇంకొకటి. ఫలానా వాళ్లు ఫలానా ఏడాది అచ్చేసింది ఒక ముద్రణ. మా మాస్టారి చేతిలో నలిగినది ఒక ప్రతి. ఈ నాలుగింట్లో మనం దేన్ని ఒకటే అంటున్నాం అన్నది తేల్చుకోకుండా కీ పెట్టకూడదు. చదువుకోవడానికి వచ్చిన పిల్లాడికి మొదటి మెట్టు చాలు. అక్కకి కావాల్సింది నాలుగోది.

ఇంకో మాట. మా లైబ్రరీలో యాక్సెషన్ రిజిస్టర్ రాసిన పాత లైబ్రేరియన్‌కి ఈ సంగతి ఏ నమూనా లేకుండానే తెలుసు. ఒకే పుస్తకం మూడు ప్రతులొస్తే మూడు నంబర్లు వేసేవాడు. ప్రతి ప్రతికీ ఒక నంబర్, ఆ నంబర్ ఇంకోదానికి రాదు. పుస్తకం పోతే ఎదురుగా ఎర్ర సిరాతో పోయినది అని రాసేవాడు. లైను కొట్టేసేవాడు కాదు.

ఐఎస్‌బీఎన్ (పుస్తకం మీద అచ్చయ్యే గుర్తింపు నంబర్) మీద కలిపి ఉండొచ్చు కదా అని మీలో కొందరు అంటారు. ఐఎస్‌బీఎన్ అంతర్జాతీయ ప్రమాణంగా వచ్చింది 1970లో. మా లైబ్రరీ పుస్తకాల్లో సగానికి పైగా అంతకంటే పాతవి. కొత్త తెలుగు పుస్తకాల్లో కూడా రచయితలు సొంతంగా అచ్చేసుకున్నవి చాలా, వాటిలో ఎన్నిటికో ఆ నంబర్ ఉండదు.

మనుషుల పేర్ల దగ్గరికి వస్తే ఇది ఇంకా చిక్కు. తాత పేరు మనవడికి పెట్టుకునే ఊళ్లు మనవి. ఒకే ఇంటిపేరు, ఒకే పేరు, ఒకే డోర్ నంబర్, ఇద్దరు మనుషులు. వయసు గడి ఖాళీగా ఉంటే తాతా మనవడూ ఒకటైపోతారు. అటు చూస్తే ఒకే మనిషి పేరు నాలుగు రకాలుగా ఉంటుంది. ఇంటిపేరు ముందు రాసే చోట ఒకలా, పాస్‌పోర్టులో వెనక రాసేటప్పుడు ఒకలా, పొడి అక్షరాలతో ఒకలా. మా కుర్రాడు సౌండెక్స్ వాడొచ్చు కదా అన్నాడు. సౌండెక్స్ అంటే ఉచ్చారణని బట్టి పేర్లకి కోడ్ ఇచ్చే పద్ధతి. దాని పేటెంట్ 1918 నాటిది, ఇంగ్లీషు ఉచ్చారణ కోసం పుట్టినది. దాని లెక్కలో రామ, రాణి, రమ్య ముగ్గురి కోడ్ ఒకటే: ఆర్ 500. అదే జ్ఞానేశ్వర్‌ని ఒకరు జి తోను, ఇంకొకరు జె తోను మొదలుపెడితే రెండు వేరే కోడ్‌లు, ఎందుకంటే మొదటి అక్షరాన్ని అది ముట్టుకోదు. కలపకూడనివాళ్లని కలిపి, కలపాల్సినవాణ్ని విడదీస్తుంది.

తొమ్మిదా, పదా

ఇదంతా విన్నాక, అసలు కలపడమే మానేద్దామా అనిపించొచ్చు. అలా అనడం లేదు. కలపాల్సినవి కలవకపోవడం కూడా నేను దగ్గరగా చూశాను.

మొదటిసారి రన్ చేసినప్పుడు నాకు 112 కలిశాయి అన్నాను కదా. అవి చాలా తక్కువ. నిజంగా ఒకటే అయిన పుస్తకాలు ఇంకా చాలా ఉన్నాయని తర్వాత తెలిసింది. పుస్తకం పేరులో హైదరాబాద్ అనే మాట ఉన్న రెండు రికార్డులు పక్క పక్కన పెట్టి చూస్తున్నాను. కంటికి తేడా లేదు. స్క్రిప్ట్ మాత్రం తేడా ఉందంటోంది. ఆ మాట పొడవు చూస్తే ఒకటి 9, ఇంకోటి 10 (గుణింతం గుర్తుల్నీ పొల్లునీ కూడా కంప్యూటర్ విడిగా లెక్కేస్తుంది). ఒక్కో కోడ్ వేరు చేసి చూస్తే, ఒకదాంట్లో చివరి పొల్లు తర్వాత కంటికి కనబడని గుర్తు ఒకటి ఉంది. జీరో విడ్త్ నాన్ జాయినర్, యూనికోడ్‌లో 200సి. పొల్లు తర్వాత వచ్చే అక్షరం ఒత్తుగా మారకుండా ఆపడానికి మనం వాడే గుర్తు. కొన్ని కీబోర్డులు అవసరం లేని చోట కూడా వేసేస్తాయి. యూనికోడ్ నార్మలైజేషన్ (ఒకే అక్షరాన్ని వేరు వేరు కోడ్‌లతో రాసినవాటిని ఒకే రూపంలోకి తేవడం) చేసినా అది పోదు, మనమే తీసెయ్యాలి. ఇంకోచోట అంతఃపురం అనే మాటలో విసర్గ బదులు కోలన్ ఉంది. చెఱువులో బండి ర ఒక చోట, మామూలు ర ఇంకో చోట. అరసున్న ఉన్న పాత అచ్చు ఒకటి, లేని కొత్త అచ్చు ఒకటి.

ఇవన్నీ సరిచేశాను, చెయ్యాలి కూడా. కానీ ఒక జాగ్రత్త. పోల్చడం కోసం వేరే గడిలో శుభ్రం చేసిన రూపం పెట్టుకోవాలి తప్ప అసలు పేరుని మార్చకూడదు. పుస్తకం మీద బండి ర ఉంటే రికార్డులో బండి ర ఉండాల్సిందే.

ఈ శుభ్రం చేసే పనిలో ఒక ఆనందం ఉంది. ఒక్కో రూల్ రాస్తుంటే ఇంకో పది కలుస్తాయి. ఇంకో రూల్, ఇంకో పాతిక. కలిసిన సంఖ్య పెరుగుతుంటే పని బాగా అవుతోందనిపిస్తుంది. మనం మోసపోయేది అక్కడే. కలిసిన సంఖ్యలో తప్పుగా కలిసినవి ఎన్నో ఆ సంఖ్య చెప్పదు.

మాంగోడీబీ చేసినవాళ్లు కూడా ఒకప్పుడు ఇలాగే ఆలోచించినట్టున్నారు. పాత వెర్షన్లలో యూనిక్ ఇండెక్స్ కట్టేటప్పుడు డ్రాప్‌డూప్స్ అనే ఆప్షన్ ఉండేది. అది ఆన్ చేస్తే ఒకే కీ ఉన్నవాటిలో ఒకదాన్ని ఉంచి మిగతావాటిని చెరిపేసేది. మిగతా ఫీల్డ్‌లలో ఏముందో చూసేది కాదు. 2015లో వచ్చిన 3.0 వెర్షన్‌లో దాన్ని తీసేశారు. ఇప్పుడు డూప్లికేట్లు ఉంటే ఇండెక్స్ కట్టను, ముందు నువ్వే తేల్చుకో అంటుంది. ఆ మార్పు నాకు ఎంతో సబబుగా అనిపిస్తుంది. అయినా మనం ఆ పాత ఆప్షన్‌నే స్క్రిప్టుల్లో మళ్లీ మళ్లీ రాసుకుంటున్నాం.

ఎదుటివాళ్ల మాటలో ఉన్న నిజం

నా వాదన హాస్పిటల్ సాఫ్ట్‌వేర్‌లో పని చేసే ఒక స్నేహితురాలికి చెప్తే గట్టిగా ఎదురు చెప్పింది. "నువ్వు పుస్తకాల గురించి మాట్లాడుతున్నావు. మా దగ్గర ఒకే మనిషికి రెండు ఫైళ్లున్నాయనుకో. పెన్సిలిన్ పడదని ఒకదాంట్లో ఉంది. డాక్టర్ రెండోది తెరిచాడు. డూప్లికేట్ చిన్న తప్పు అని అప్పుడు కూడా అంటావా?" అంది.

అనను. ఆమె చెప్పిందాంట్లో నిజం ఉంది, దానికి నా దగ్గర ఒక్క మాటలో జవాబు లేదు. కాసేపాగి నేనే అడిగాను, మరి ఇద్దరు మనుషుల ఫైళ్లు ఒకటైపోతే మీరేమంటారు అని. దాన్ని ఓవర్‌లే అంటారట. ఒకరి రక్తం గ్రూపు ఇంకొకరి పేరు మీద ఉంటుంది. దాన్ని విడదీయడం చాలా కష్టమట, ఎందుకంటే కలిసిన తర్వాత వచ్చిన ప్రతి రిపోర్టూ ఇద్దరిలో ఎవరిదో తెలియదు. అందుకే వాళ్లు రెండు ఫైళ్లనూ ఉంచి, పైన మాస్టర్ ఇండెక్స్‌లో ఒకే మనిషి కింద వేలాడదీస్తారు. డాక్టర్‌కి ఒక్కటిగా కనబడుతుంది, లోపల రెండూ ఉంటాయి. నేను అడుగుతున్నదీ అదే అన్నాను. ఆ ఒక్కదాంట్లో ఇద్దరం ఒప్పుకున్నాం.

రెండో మాట మా మేనేజర్ది. లక్షల కొద్దీ రికార్డులున్నప్పుడు ఎవరు కూర్చుని చూస్తారు? ఇది ఉత్త సాకు కాదు. దీనికి జవాబు 1969లోనే ఉంది. ఇవాన్ ఫెలెగీ, ఆలన్ సంటర్ అనే ఇద్దరు కెనడా ప్రభుత్వ గణాంక శాఖ నుంచి రికార్డులు కలపడం మీద ఒక సిద్ధాంతం రాశారు. ఇప్పటికీ ఈ రంగంలో అందరూ దాన్నే పునాది అంటారు. నాకు దాంట్లో అన్నిటికంటే నచ్చినది, వాళ్లు రెండు కుప్పలు వెయ్యలేదు, మూడు వేశారు. కలిసేవి, కలవనివి, తేలనివి. మూడో కుప్ప మనుషులు చూడాలి. మొదటి రెండు కుప్పల్లో తప్పుగా పడేవి ఎంతవరకు ఒప్పుకుంటామో మనం చెప్తే, ఆ మూడో కుప్పని వీలైనంత చిన్నది చేయడం ఎలాగో వాళ్ల లెక్క చెప్తుంది. లక్షల రికార్డులూ మనుషులు చూడక్కర్లేదు. తేలనివి మాత్రం చూడాలి. మన స్క్రిప్టుల్లో ఆ మూడో కుప్పకి చోటే ఉండదు. ప్రతి జతకీ అవును కాదు అనే రెండే జవాబులు.

మూడో అభ్యంతరం నాకు నేనే చెప్పుకున్నది, ఇది ఇంకా తేలలేదు. ఏదీ చెరపకూడదు, మూలాలన్నీ అలాగే ఉంచాలి అంటున్నాను. పుస్తకాలకి బాగానే ఉంది. మనుషుల వివరాలకి? 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, నా వివరాలు చెరిపేయండి అని అడిగే హక్కు మనిషికి ఇచ్చింది. ఒకే మనిషి వివరాలు నాలుగు మూలాల్లో దాచుకున్న సిస్టమ్‌లో ఆ మాట నిలబెట్టుకోవడం కష్టం. అక్క గమనికల్లో కూడా వాళ్ల ఇంటి విషయాలున్నాయి. వాటిని అందరికీ కనబడే క్యాటలాగ్‌లో పెట్టొచ్చా అని నేను అప్పుడు అడగలేదు. తర్వాత అడిగాను. కొన్ని తీసెయ్యమంది, తీసేశాను. అడిగి చెరపడం వేరు, పొరపాటున తుడిచిపెట్టడం వేరు అన్నంతవరకు నాకు స్పష్టం. దాని అవతల ఇంకా ఆలోచిస్తున్నాను.

ఇప్పుడు చేస్తున్నది

మా కుర్రాడికి శుక్రవారం చెప్పింది ఇది. రెండు కలెక్షన్లనూ ముట్టుకోకు. మూడోది ఒకటి చెయ్యి. దాంట్లో ఒక్కో రికార్డూ ఒక జత: ఇటు ఐడీ, అటు ఐడీ, ఒకటేనా కాదా తేలలేదా, ఎవరు చెప్పారు, ఎప్పుడు, ఎందుకు. చూపించేటప్పుడు ఈ జతల్ని బట్టి కలిపి చూపించు. రేపు తప్పని తేలితే ఆ ఒక్క జతని మార్చు, రెండు రికార్డులూ చెక్కు చెదరకుండా వెనక్కి వస్తాయి. ఒకటి కాదు అని తేలిన జతని కూడా రాసిపెట్టు, లేకపోతే వచ్చే నెల స్క్రిప్ట్ మళ్లీ అదే జతని నీ ముందుకు తెస్తుంది.

"అన్నా, క్వెరీ స్లో అవుతుంది కదా" అన్నాడు. కొంచెం అవుతుంది. అవసరమైతే కలిపిన రూపాన్ని ఇంకో కలెక్షన్‌లో రాసిపెట్టుకో, దానికి మెర్జ్ వాడుకో, తప్పు లేదు. అది ఎప్పుడైనా చెరిపి మళ్లీ కట్టుకోగలిగిన కలెక్షన్ అయి ఉండాలి, అంతే. యూనిక్ ఇండెక్స్ కూడా మానొద్దు. అది లేకుండా అప్‌సర్ట్ (ఉంటే మార్చు, లేకపోతే చేర్చు అనే ఆజ్ఞ) మీద ఆధారపడితే, ఒకే క్షణంలో రెండు రిక్వెస్టులు వచ్చినప్పుడు రెండూ వెతికి, రెండూ లేదనుకుని, రెండూ ఇన్సర్ట్ చేస్తాయి. ఇండెక్స్ పెట్టే కీ మాత్రం నువ్వు కనిపెట్టింది కాకూడదు. యాక్సెషన్ నంబర్ లాంటిది, ఎవరో ఒకరు ఆ వస్తువుని చేత్తో పట్టుకుని ఇచ్చిన నంబర్ అయి ఉండాలి.

పెద్ద పెద్ద చోట్ల కూడా ఈ పద్ధతే. వికీపీడియాకి తోడుగా ఉండే డేటాబేస్ వికీడేటాలో ఒక్కో అంశానికీ ఒక క్యూ నంబర్ ఉంటుంది. రెండు అంశాలు ఒకటే అని కలిపితే పాత క్యూ నంబర్ మాయమైపోదు, కొత్తదానికి దారి చూపిస్తూ అక్కడే ఉంటుంది. లైబ్రరీల ఉమ్మడి క్యాటలాగ్ వరల్డ్‌క్యాట్‌లో కలిసిపోయిన రికార్డుల పాత నంబర్లు 019 అనే ఫీల్డ్‌లో మిగులుతాయి. ఆ పాత నంబర్ ఎవరి నోట్‌బుక్‌లోనైనా ఉంటే వాళ్లు ఇప్పటికీ ఆ పుస్తకం దగ్గరికి రాగలరు.

మా లైబ్రరీలో నేను అన్నీ మళ్లీ మొదటినుంచి చేశాను. హాస్టల్ వాళ్లు 112లో 104 వెనక్కి ఇచ్చారు. బదులుగా నిజంగా రెండో ప్రతులు అయినవాటిని, తెరిచి చూసి, వాళ్లకే ఇచ్చాం. పోయిన గమనికల్లో అక్కకి గుర్తున్నవి మళ్లీ రాసింది. నన్ను ఒక్క మాట అనలేదు. "సరేలే, నువ్వు కావాలని చేశావా" అంది.

నెలకి రెండు ఆదివారాలు లైబ్రేరియన్ గారూ నేనూ తేలని కుప్ప ముందు వేసుకుని కూర్చుంటాం. మొదట్లో నాలుగు వందలకి పైగా ఉండేవి, ఇప్పుడు 63 ఉన్నాయి. మొన్న రెండు సుమతీ శతకాలు వచ్చాయి. ఒకదానికి ముందు పేజీలు లేవు. పేరు, ప్రచురణకర్త, ఏడాది ఏదీ లేదు. ఆయన కళ్లద్దాలు సరిచేసుకుని రెండిటినీ ఒకే పద్యం దగ్గర తెరిచి, తాత్పర్యం బయటికి చదివారు. మొదటి మూడు లైన్లు అక్షరం తేడా లేదు. నాలుగో లైనులో ఒకటి వాడుక భాషకి దగ్గరగా ఉంది, రెండోది గ్రాంథికం. "వేరేవి రాయండి" అన్నారు. రాశాను, పక్కన కారణం కూడా.

లేచే ముందు పెద్ద బాలశిక్ష రికార్డు తెరిచి చూశాను, ఎప్పుడూ చూస్తాను. గమనికలో ఇలా ఉంటుంది: "కొత్త బైండింగ్. పాత అట్ట లేదు. దాని లోపల నలుగురు పిల్లల పుట్టిన తేదీలు, నక్షత్రాలు ఉండేవి, మాస్టారి తండ్రి చేతిరాత. మాస్టారిది కార్తీక మాసం అని కూతురికి గుర్తు. తేదీ తెలియదు."